నేను చూసింది ఒకటి, వీడియోలో ఉన్నది ఇంకొకటి. అంపైర్ కళ్ళకి కూడా ఊరి పక్షపాతం ఉంటుందా?

నాగావళి_గట్టు
కనుమ నాడు మా ఊళ్ళో కబడ్డీ ఫైనల్ జరిగింది, మా ఊరికీ ఏటి అవతలి ఊరికీ. కాలేజీ రోజుల్లో జిల్లా స్థాయి దాకా ఆడినవాణ్ణి కాబట్టి చాలా ఏళ్ళుగా అంపైరింగ్‌కి నన్నే పిలుస్తారు. రెండు ఊళ్ళవాళ్ళూ ఒప్పుకునే పిలుస్తారు, అది ముందే చెప్తున్నాను.

చివరి మూడు నిమిషాల్లో స్కోరు 27-27. మా కుర్రాడు కూతకెళ్ళి బోనస్ లైన్ దాటాడు. అవతల ఆరుగురు ఉన్నారు, కాబట్టి బోనస్ వర్తిస్తుంది. వెనక కాలు గాల్లో ఉందని నాకు స్పష్టంగా కనబడింది. పాయింట్ ఇచ్చాను. తర్వాతి కూతలో వాళ్ళ కుర్రాడు అచ్చం అలాగే దాటాడు. వెనక కాలి బొటనవేలు నేలకి తగిలే ఉందని కనబడింది. ఇవ్వలేదు. ఒక్క పాయింటుతో మేం గెలిచాం. ఆ తర్వాత కుర్చీలు లేచాయి, పెద్దలు అడ్డం పడ్డారు.

మర్నాడు మా మేనల్లుడు ఫోన్లో తీసిన వీడియో చూపించాడు. స్లోగా పెట్టి పదకొండు సార్లు చూశాను. మావాడి కాలు నేల మీదే ఉంది. వాళ్ళవాడి కాలు గాల్లో ఉంది. రెండూ తప్పే ఇచ్చాను. రెండూ మావైపే.

అరసవల్లి గుళ్ళో ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను, ఆ క్షణంలో నాకు అలాగే కనబడింది. ఏటి అవతల నన్ను దొంగ అంపైర్ అంటున్నారు. మా ఊళ్ళో భుజం తట్టి "ఊరి పరువు నిలబెట్టావు" అంటున్నారు. ఈ రెండోదే నాకు ఎక్కువ బాధగా ఉంది. వారం అయింది, నిద్ర పట్టట్లేదు. కళ్ళకే అలా కనబడటం అనేది ఉంటుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

గరివిడి_రవి
కళ్ళకి కనబడింది సరిగ్గానే అయ్యుంటుంది అన్నా. పాయింట్ ఇచ్చేటప్పుడు మనసు ఊరివైపు లాగుంటుంది. అది ఎవరికైనా ఉంటుంది. ఒకటి తప్పయితే పొరపాటు అనుకుంటాం, రెండూ ఒకవైపే పోతే ఏమనుకోవాలి?

పలాస_జీడితోట
రవీ, ఆయనే వీడియో చూసుకుని ఆయనే వచ్చి చెబుతున్నాడు. దొంగకి ఆ అవసరం ఏముంది?

గరివిడి_రవి
దొంగ అనలేదు. కనబడటం వేరు, తీర్పు ఇవ్వడం వేరు అంటున్నాను. తేడా తీర్పులో వచ్చిందని నా అనుమానం.

అయోధ్యామైదానం
గట్టు అన్నా, జనం ఎంతమంది? మైకులో కామెంటరీ ఎవరు చెప్పారు?

నాగావళి_గట్టు
రెండు వేలు ఉంటారు. ముప్పావు వంతు మావాళ్ళే. మైకు మా యూత్ కుర్రాళ్ళదే. డప్పులు కూడా ఉన్నాయి.

అయోధ్యామైదానం
అయితే అది కూడా లెక్కలో వేసుకోండి. ఇంగ్లండ్‌లో అర్హత ఉన్న 40 మంది రిఫరీలకి ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ టేపు చూపించి ఫౌల్ అవునో కాదో చెప్పమన్నారు. 2002లో వచ్చిన అధ్యయనం అది. కొందరికి జనం గోలతో వేశారు, మిగతావాళ్ళకి సౌండ్ తీసేసి వేశారు. గోల విన్నవాళ్ళు సొంతగడ్డ టీమ్ మీద 15 శాతానికి పైగా తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. వాళ్ళు మైదానంలో కూడా లేరు, టీవీ ముందు కూర్చున్నారు. మీరు డప్పుల మధ్య నిలబడ్డారు.

ఇజీనగరం_మాస్టారు
నేను బీఈడీ పిల్లలకి సైకాలజీ చెబుతాను. రవి అడిగిన ప్రశ్న ఈ విషయంలో అసలైన ప్రశ్న, దాన్ని తోసెయ్యకండి. తేడా చూపులో వచ్చిందా, తీర్పులో వచ్చిందా అని పెద్ద పెద్దవాళ్ళు కూడా చాలాకాలం తలలు పట్టుకున్నారు.

ముందు పాత కథ ఒకటి. 1951 నవంబర్‌లో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ అనే రెండు విశ్వవిద్యాలయాల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగింది. చాలా మొరటుగా సాగింది. ప్రిన్స్‌టన్ స్టార్ ఆటగాడికి ముక్కు విరిగింది, డార్ట్‌మత్ ఆటగాడికి కాలు విరిగింది. రెండువైపులా తిట్టుకున్నారు. హాస్టార్ఫ్, కాంట్రిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒకే ఫిల్మ్‌ని రెండుచోట్లా విద్యార్థులకి చూపించి తప్పులు లెక్కపెట్టమన్నారు. డార్ట్‌మత్ వాళ్ళు ఎన్ని తప్పులు చేశారని డార్ట్‌మత్ పిల్లలు లెక్కపెట్టారో, ప్రిన్స్‌టన్ పిల్లలకి దానికి రెండింతలకు పైగా కనబడ్డాయి. 1954లో అచ్చువేశారు. ఆ ఇద్దరూ చివరికి తేల్చింది ఏమంటే, వీళ్ళు చూసింది ఒకే ఆట అనుకోవడమే పొరపాటు అని.

ఇప్పుడు రవి ప్రశ్న. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో మోలెన్‌బర్గ్స్, ఆయన బృందం 2013లో ఒక పని చేశారు. జనాన్ని ఏదో ఒక లెక్కన రెండు టీములుగా విడదీశారు. తర్వాత వీడియోలో రెండు చేతులు, ఒకటి మన టీమ్‌వాడిది, ఒకటి అవతలివాడిది. ఎవరి చెయ్యి వేగంగా కదిలింది? కొన్నిసార్లు రెండూ సరిగ్గా ఒకే వేగం. అయినా మన టీమ్ చెయ్యే వేగంగా ఉందన్నారు. ఇదంతా ఫంక్షనల్ ఎమ్మారై స్కానర్‌లో, అంటే మెదడులో ఏ భాగం ఎప్పుడు పనిచేస్తోందో చూపే యంత్రంలో, పడుకోబెట్టి మళ్ళీ చేశారు. చూసే సమయం వేరు, జవాబు చెప్పే సమయం వేరు, రెండింటినీ విడిగా కొలిచారు. తేడా జవాబు చెప్పేటప్పుడు రాలేదు. చేతుల్ని చూస్తున్నప్పుడే వచ్చింది.

కాబట్టి నాగావళి గారూ, మీరు అబద్ధం ఆడలేదు అనడానికి ఆధారం ఉంది. మీ తీర్పు సరైనది అనడానికి మాత్రం లేదు.

నాగావళి_గట్టు
మాస్టారూ, ఈ పోస్టు రెండుసార్లు చదివాను. చివరి వాక్యం కూడా ఒప్పుకుంటున్నాను.

గరివిడి_రవి
ఎన్నేళ్ళుగానో ఉన్న ఊరి అభిమానం అంటే అర్థం చేసుకుంటాను. ఆ స్కానర్‌లో వాళ్ళకి టీమ్ కట్టి ఎంతసేపయింది?

ఇజీనగరం_మాస్టారు
కాసేపే. అంత తొందరగా, వాళ్ళ ప్రమేయం లేకుండా వచ్చేస్తుందనే కదా వాళ్ళు చెప్పింది.

టెక్కలి_టీచరమ్మ
కాసేపు చాలు, నేను కళ్ళారా చూశాను. స్పోర్ట్స్ డే కోసం ఏడో తరగతి పిల్లల్ని హాజరు పట్టీలో సరి సంఖ్యలు ఎరుపు, బేసి సంఖ్యలు పసుపు అని రిబ్బన్లు కట్టాను. మధ్యాహ్న భోజనం వేళకి ఎరుపోళ్ళు ఒక వరుస, పసుపోళ్ళు ఒక వరుస. పొద్దున్నదాకా ఒకే కంచంలో తిన్న ఇద్దరు ఆడపిల్లలు వేరే వరుసల్లో కూర్చున్నారు. "పసుపోళ్ళు చెయ్యి కడుక్కోరు టీచర్" అని ఒకడు వచ్చి ఫిర్యాదు. నిన్నటిదాకా వీడికి పసుపు అంటే పెళ్ళిలో రాసుకునేది!

దీన్ని ప్రయోగంగా చేసినాయన హెన్రీ తాజ్‌ఫెల్. పోలండ్ యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో ఉండి జర్మన్లకి ఖైదీగా దొరికాడు. తిరిగొచ్చేసరికి ఇంట్లోవాళ్ళు దాదాపు ఎవరూ మిగల్లేదు. మనిషిని మనిషి "వాళ్ళు" అని ఎలా అనుకుంటాడన్నది ఆయనకి చదువుకునే విషయం మాత్రమే కాదు. 1970 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో బడిపిల్లల్ని, మీకు ఫలానా చిత్రకారుడి బొమ్మలు నచ్చాయి, వాళ్ళకి వేరే ఆయనవి నచ్చాయి అని చెప్పి రెండు గుంపులు చేశాడు. అసలు గుంపులు ఇష్టం వచ్చినట్టు కట్టినవే. ఎవరు ఏ గుంపో ఒకరికొకరికి తెలియదు. తర్వాత డబ్బులు పంచమన్నాడు, తనకి కాదు, వేరేవాళ్ళకి. పిల్లలు తమ గుంపుకి ఎక్కువ వేశారు. నన్ను కదిలించింది ఇంకొకటి. రెండు గుంపులకీ ఎక్కువ వచ్చే దారి ఉన్నా, తమ గుంపుకి కాస్త తగ్గినా సరే అవతలివాళ్ళ కన్నా ముందుండే దారినే చాలామంది ఎంచుకున్నారు.

ఉద్దానం_కొబ్బరి
టీచరమ్మ చెప్పిన ఆ చివరి ముక్క మా ఊరి పంచాయతీలో బోర్డు మీద రాసి పెట్టాలి.

బొబ్బిలి_కోట
మాస్టారూ, ఒకే ఆట రెండు ఊళ్ళకి రెండు ఆటలు అన్నారు కదా. 1757లో జరిగినదానికి మీ విజయనగరంలో చెప్పే కథా, మా బొబ్బిలిలో చెప్పే కథా ఎప్పటికైనా కలుస్తాయంటారా?

ఇజీనగరం_మాస్టారు
కలవవు. వీణ మాత్రం మీదేనని మేం ఎప్పుడో ఒప్పుకున్నాం.

రాజాం_నుంచి_హైదరాబాద్
మీరు కబడ్డీ గురించి మాట్లాడుతున్నారు, నాకు నా నోరు గుర్తొచ్చింది. ఇంటర్వ్యూలో నలుగురు కూర్చున్నారు. బాగానే జవాబులు చెప్తన్నాను. ఒక ప్రశ్న సరిగ్గా వినపడక "ఏటండీ?" అన్నాను. అంతే, ఒకాయన పక్కాయన వైపు చూసి నవ్వాడు. "శ్రీకాకుళమా?" అన్నాడు. అక్కణ్ణుంచి నేనేం చెప్పినా వాళ్ళ మొహాలు వేరు. అదే జవాబు, అదే లెక్క. నా తర్వాత వెళ్ళినతను నాకన్నా తక్కువ చెప్పాడు, బయటికొచ్చాక మాట్లాడుకున్నాం కాబట్టి తెలుసు.

సినిమాల్లో మన యాస ఎవరి నోట పెడతారో అందరికీ తెలుసు. పనివాడు, తాగుబోతు, నవ్వించేవాడు. చిన్నప్పట్నించి అది చూసి పెరిగినవాడి చెవికి నా మాట కూడా అలాగే వినపడుద్ది. కళ్ళకే కాదు, చెవులకీ పక్షపాతం ఉంటాది.

పార్వతీపురం_లైబ్రరీ
చెవి సంగతి నిజం. 2007లో కింజ్లర్, స్పెల్కీ వగైరా పసిపిల్లల మీద చేశారు. ఐదారు నెలల పిల్లలకి ఇద్దరు మనుషుల్ని చూపిస్తే, తమ ఇంటి భాష మాట్లాడినామె వైపు ఎక్కువసేపు చూశారు. తెలిసిన యాసకీ తెలియని యాసకీ కూడా ఆ తేడా కనబడింది. పది నెలల పిల్లలకి ఇద్దరూ ఒకేలాంటి బొమ్మలు అందిస్తే, తమ భాష మాట్లాడినామె చేతిలోదే ఎక్కువగా అందుకున్నారు.

కాకపోతే ఒక మాట. పసిపిల్లకి తెలిసిన మాట హాయిగా ఉంటుంది. ఎగతాళి చెయ్యడం అందులో లేదు. దాన్ని పెద్దవాళ్ళే నేర్పుతారు.

రాజాం_నుంచి_హైదరాబాద్
ఇది బాగా చెప్పారు. మా పాప ఇక్కడే పుట్టింది. మా అమ్మ ఫోన్ చేసి "ఏటి సేస్తన్నావే గుంటా" అంటే అదెంత సంబరపడుద్దో.

సంతబొమ్మాళి_జవాన్
ఈశాన్యంలో పోస్టింగ్ వచ్చిన కొత్తలో పక్క యూనిట్‌లో మణిపురీ కుర్రాళ్ళు పన్నెండు మంది ఉండేవారు. నాకు పన్నెండు మందీ ఒకేలా కనబడేవారు. ఒకడికి ఇవ్వాల్సిన ఉత్తరం ఇంకొకడికి ఇచ్చి తిట్లు తిన్నాను. ఆరు నెలలు ఒకే మెస్సులో తిన్నాక చీకట్లో నడక చూసి పేరు చెప్పేవాణ్ణి. ఒకరోజు వాళ్ళలో ఒకడు చెప్పాడు, "మొదట్లో మీ ఆంధ్రావాళ్ళు నలుగురూ మాకు ఒకడే" అని. మాలో ఒకడు ఆరడుగులు, ఒకడు బట్టతల!

ఇజీనగరం_మాస్టారు
జవాన్ గారూ, మీ అనుభవానికి 1969లోనే మాల్పాస్, క్రావిట్జ్ లెక్క కట్టారు. తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ రెండు రకాల ముఖాలూ చూపించి తర్వాత గుర్తుపట్టమంటే, సొంత జాతి ముఖాలు బాగా గుర్తుండటం కనబడింది. అలవాటు లేకపోవడం ఒక కారణం, సందేహం లేదు. అదొక్కటే కారణం కాదు. 2007లో అమెరికా విద్యార్థులకి తెల్లవాళ్ళ ముఖాలే చూపించి, కొన్ని మీ విశ్వవిద్యాలయానివి, కొన్ని పక్క విశ్వవిద్యాలయానివి అని చెప్పారు. ముఖాలు ఆ రకమే, అలవాటూ ఉన్నదే. అయినా "మీవి" అన్న ముఖాలే బాగా గుర్తున్నాయి. మనవాడు అనుకుంటే ఆ ముఖాన్ని మనిషిగా చూస్తాం. వాళ్ళు అనుకుంటే ఏ గుంపో చూసి అక్కడితో ఆగిపోతాం.

సోంపేట_సిస్టర్
రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నేను డయాలసిస్ వార్డులో నర్సుని. ఎక్కడన్నది వద్దు. ఉద్దానం నుంచి వచ్చేవాళ్ళు ఎక్కువ, ఇచ్ఛాపురం వైపు నుంచి ఒడియా మాట్లాడేవాళ్ళూ వస్తారు. నాకు ఒడియా అంతంత మాత్రం.

ఒక పెద్దాయన, ఒడియా ఆయన, సూది దగ్గర నొప్పి అంటున్నాడు. నేను "సర్దుకుంటుంది" అనేసి పక్క మంచం దగ్గరికి వెళ్ళాను. ఆ పక్క మంచం మీద మా ఊరి దగ్గరి మనిషి, "అమ్మా, నొప్పి" అన్నాడు. వెంటనే సూది సరిచేశాను. అరగంట తర్వాత పెద్దాయన చెయ్యి వాచింది. ఆయన కూతురు ఏమీ అనలేదు, నా వైపు చూసింది, అంతే. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను చెడ్డదాన్ని కాదు. ఇద్దరి మీదా నాకు జాలి ఉంది. కానీ ఒకరి నొప్పి నాకు నొప్పిగా వినపడింది, ఇంకొకరిది గొడవగా వినపడింది.

అప్పట్నించి అందర్నీ ఒకే ప్రశ్న అడుగుతాను. సున్నా నుంచి పది వరకు వేళ్ళు చూపించండి, ఎంత నొప్పి? ఏ భాషవాళ్ళైనా వేళ్ళు చూపిస్తారు. ఐదు దాటితే వెంటనే చూస్తాను, నా మనసుకి ఎలా అనిపించినా సరే. చెడ్డదాన్ని కాకపోయినా నా చెవి మీద నాకు నమ్మకం తగ్గింది.

పలాస_జీడితోట
మా నాన్నకి వారానికి మూడుసార్లు డయాలసిస్. మీలాంటి సిస్టర్ దొరకాలి అక్కా.

పార్వతీపురం_లైబ్రరీ
సిస్టర్ గారు చెప్పినదాన్ని స్కానర్‌లో చూశారు. 2009లో చైనాలో ఒక బృందం చైనావాళ్ళకీ తెల్లవాళ్ళకీ వీడియోలు చూపించింది. ఎవరిదో చెంపలో సూది దిగుతుంటుంది. ఎదుటివాడి నొప్పి చూసినప్పుడు మెదడు ముందువైపు లోపల యాంటీరియర్ సింగులేట్ అనే భాగం స్పందిస్తుంది, మనకి నొప్పి పుట్టినప్పుడూ అదే పనిచేస్తుంది. సొంత జాతి ముఖంలో సూది దిగితే అది బాగా స్పందించింది, వేరే జాతి ముఖమైతే తగ్గింది. రెండువైపులవాళ్ళకీ అంతే.

మరుసటి ఏడు జూరిక్‌లో ఫుట్‌బాల్ అభిమానులతో చేశారు. మన టీమ్ అభిమానికి షాక్ తగిలితే మెదడులో ఇన్సులా అనే భాగం ఎంత స్పందించిందో, తర్వాత ఆ మనిషి నొప్పిని పంచుకోవడానికి అంతగా ముందుకొచ్చారు. అవతలి టీమ్ అభిమానికి షాక్ తగిలితే కొందరిలో సంతోషానికి సంబంధించిన భాగం కదిలింది. వాళ్ళు సాయానికి తక్కువగా వచ్చారు.

గరివిడి_రవి
ఇప్పుడు భయం వేస్తోంది. మెదడులోనే ఉంది అంటే పుట్టుకతో వచ్చినట్టే కదా? ఇంక మారేదేముంది?

చీపురుపల్లి_98
రవి అన్న అడిగినదే నేనూ అడగాలనుకున్నాను, కానీ నా కోపం వేరే వైపు నుంచి. ఇంతసేపూ చదువుతున్నాను. రిబ్బన్లు, టీములు, బొమ్మలు. అందరూ హాయిగా మాట్లాడుకుంటున్నారు. మాది ఎస్సీ కాలనీ. నా రిబ్బన్ సాయంత్రం విప్పేది కాదు.

మా ఊరి క్రికెట్ టీమ్‌లో నేనే ఫాస్ట్ బౌలర్ని. మ్యాచ్ రోజు బండి మీద వచ్చి ఎక్కించుకుని వెళ్ళేవారు. అందరికీ ఒకే రంగు జెర్సీ. వికెట్ తీస్తే ఎత్తుకుని తిప్పేవారు. గెలిచాక కెప్టెన్ వాళ్ళింటి అరుగు మీద టీ ఇచ్చేవారు. పదిమందికి స్టీలు గ్లాసు, నాకు పేపర్ గ్లాసు. మూడేళ్ళు తాగాను. జెర్సీ మారిస్తే మెదడు మారుతుందని ఎవరైనా అంటే, ఆ అరుగు దాకా వచ్చి చూడమనండి.

ఇంకొకటి. స్కాలర్‌షిప్ ఫారాల కోసం క్లాసులో పేరు పేరునా లేపి కులం చదివేవారు. ఆ రోజు నేను లెక్కల పరీక్ష సరిగ్గా రాయలేకపోయేవాణ్ణి. నాకొక్కడికే అలా అవుతుందనుకునేవాణ్ణి. తర్వాత హాఫ్, పాండే అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ పల్లెల్లో చేసినది చదివాను. ఆరు, ఏడు తరగతుల అబ్బాయిలకి దారి వెతికే పజిళ్ళు ఇచ్చారు. ఎవరి కులం ఏమిటో బయటపెట్టనప్పుడు అందరూ సమానంగా చేశారు. అందరి ముందూ పేరూ కులమూ చదివాక కింది కులాల పిల్లల మార్కులు పడిపోయాయి. పిల్లాడు అదే, పజిలూ అదే. 2006లో అచ్చయింది.

మెదడు అలా చేస్తుంది అని చెబితే తప్పు ఎవరిదీ కాదన్నట్టు అవుతుంది. పేపర్ గ్లాసు మెదడు కొనలేదు. ఎవరో దుకాణానికి వెళ్ళి కొన్నారు.

సోంపేట_సిస్టర్
తమ్ముడూ, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

టెక్కలి_టీచరమ్మ
క్లాసులో కులం చదవడం నేనూ చేశాను బాబూ. ఫారాల పని తొందరగా అవుతుందని. ఇకమీదట ఆ పని స్టాఫ్ రూములో, ఒక్కొక్కరినీ పిలిచి చేస్తాను.

ఇజీనగరం_మాస్టారు
చీపురుపల్లి బాబు చెప్పినదాని ముందు నా ప్రయోగాలు చిన్నవి. అయినా రవి ప్రశ్నకి జవాబు చెప్పాలి, ఎందుకంటే ఆ జవాబు బాబు మాటకే బలం.

ఎమిగ్డాలా అని మెదడులో బాదంగింజంత భాగం ఉంది. ఏది ముఖ్యం, ఏది ప్రమాదం అని తొందరగా గుర్తుపట్టడంలో దానికి పెద్ద పాత్ర. 2000లో ఫెల్ప్స్ బృందం అమెరికాలో తెల్లవాళ్ళని తీసుకుని నల్లవాళ్ళ ముఖాలు చూపించింది. లోపల దాగిన పక్షపాతం పరీక్షలో ఎక్కువ తేలినవాళ్ళలో ఎమిగ్డాలా స్పందన కూడా ఎక్కువ. దాంతో చాలామంది ఇది పుట్టుకతో వచ్చిందే అనుకున్నారు. 2013లో టెల్జర్ బృందం నాలుగేళ్ళ నుంచి పదహారేళ్ళ పిల్లల్లో చూసింది. చిన్నపిల్లల్లో ఆ స్పందన లేదు. యుక్తవయసులోకి వస్తుంటే కనబడింది. రకరకాల పిల్లలతో కలిసి తిరిగేవాళ్ళలో తక్కువగా ఉంది. అంటే చుట్టూ ఉన్న ఊరు నేర్పింది.

2008లో వాన్ బావెల్, పాకర్, కన్నింగ్‌హమ్ ఇంకొకటి చేశారు. తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ కలిసిన రెండు టీములు కట్టి, కాసేపు ముఖాలు గుర్తుపెట్టుకోమని స్కాన్ చేశారు. ఎమిగ్డాలా, ముఖాలు గుర్తుపట్టే ఫ్యూజిఫార్మ్ భాగం రంగుని పట్టించుకోకుండా తమ టీమ్ ముఖాలకే ఎక్కువ స్పందించాయి. గీత ఎక్కడ గీస్తే మెదడు అక్కడ "మనవాళ్ళు" అంటుంది. గీత గీసేది మాత్రం మెదడు కాదు. వీధి, భూమి, పెళ్ళి, గ్లాసు. బాబు చెప్పింది అదే.

చీపురుపల్లి_98
అదే మాస్టారూ. స్కానర్‌లో అరగంట టీమ్ వేరు, బయట వెయ్యేళ్ళ టీమ్ వేరు.

గరివిడి_రవి
ఆ "లోపల దాగిన పక్షపాతం పరీక్ష" అంటే కంప్యూటర్లో బటన్లు నొక్కేదేనా? మా ఆఫీసులో చేయించారు. నాకు ఎక్కువ వచ్చింది. అప్పట్నించి కాస్త టెన్షన్‌గా ఉంది.

పార్వతీపురం_లైబ్రరీ
అదే, 1998లో గ్రీన్‌వాల్డ్ వాళ్ళు తెచ్చారు. ఎక్కువమందిని కలిపి చూస్తే ఏదో చెబుతుంది. ఒక్క మనిషి ఎలా నడుచుకుంటాడో చెప్పడానికి అది సరిపోదు, వారం తర్వాత చేస్తే మీకే వేరే మార్కు రావచ్చు. స్కానర్ ప్రయోగాల్లో కూడా చాలావాటిలో మనుషులు పాతిక ముప్పై మందే. ఏ ఒక్కదాన్నీ వేదంలా పట్టుకోకండి.

ఉద్దానం_కొబ్బరి
తిత్లీ తుఫాను గుర్తుందా? 2018 అక్టోబర్ 11 తెల్లవారుజాము. మా ఊళ్ళో పైవీధికీ కిందవీధికీ అమ్మవారి పండగ దగ్గర గొడవై తొమ్మిదేళ్ళు మాటల్లేవు. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు చాపల్లా పడున్నాయి. కరెంటు లేదు, బోరు నడవదు. పైవీధిలో ఒకాయన దగ్గర జనరేటర్ ఉంది, బోరు కిందవీధిలో ఉంది. మొదటి రోజు ఎవరూ కదల్లేదు. రెండో రోజు మధ్యాహ్నం పిల్లలు దాహం అని ఏడుస్తుంటే ఆయనే జనరేటర్ బండి మీద తోసుకొచ్చాడు. కిందవీధి కుర్రాళ్ళు ఎదురెళ్ళి పట్టుకున్నారు. ఆ ఏడు పండగ కలిసి చేశాం, ఇప్పటికీ కలిసే చేస్తున్నాం.

ఇజీనగరం_మాస్టారు
కొబ్బరి గారూ, 1954లో ఓక్లహోమాలో షెరీఫ్ చేసింది అచ్చం ఇదే. పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలు 22 మంది, రెండు శిబిరాలు. పోటీలు పెడితే జెండాలు తగలబెట్టుకున్నారు. కలిపి సినిమా చూపిస్తే తగ్గలేదు. క్యాంపుకి నీళ్ళొచ్చే ట్యాంకు దగ్గర సమస్య వచ్చి, అందరూ కలిసి బాగుచెయ్యాల్సి వచ్చాక మెల్లగా కలిశారు.

గరివిడి_రవి
అది నేనూ చదివాను. నీళ్ళు ఆపింది ఆ పెద్దమనుషులే, గొడవ పెరిగేలా చూసిందీ వాళ్ళే. దాన్ని సహజంగా జరిగినట్టు చెప్పడం సరికాదు.

ఇజీనగరం_మాస్టారు
నిజమే. ఒప్పుకుంటున్నాను.

చీపురుపల్లి_98
కొబ్బరి అన్నా, మీ ఊరి సంగతి సంతోషం. మా పిన్ని ఊరు కూడా అటే. అక్కడ తిత్లీ తర్వాత వాటర్ ట్యాంకర్ మూడు రోజులు మెయిన్ రోడ్డు మీదే ఆగింది, మావాళ్ళ వీధిలోకి నాలుగో రోజు వచ్చింది. మీ ఊళ్ళో బోరు ఒకరిది, జనరేటర్ ఇంకొకరిది, కాబట్టి ఒకరికొకరు కావలసొచ్చారు. ఒకవైపే అన్నీ ఉంటే?

ఉద్దానం_కొబ్బరి
దీనికి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ. మా రెండు వీధులూ ఒకే కులం, అది కూడా చెప్పాల్సింది.

పార్వతీపురం_లైబ్రరీ
చీపురుపల్లి తమ్ముడి క్రికెట్‌కి సంబంధించినదే ఒకటి ఉంది. మాట్ లో అనే ఆర్థికవేత్త ఉత్తరప్రదేశ్ పల్లెల్లో వేర్వేరు కులాల కుర్రాళ్ళతో నెలల తరబడి క్రికెట్ లీగులు ఆడించి 2021లో అచ్చువేశాడు. కొన్ని టీములు ఒకే కులం, కొన్ని కలిపినవి, చీటీ తీసినట్టు. ఒకే టీమ్‌లో కలిసి ఆడినవాళ్ళకి వేరే కులం స్నేహితులు పెరిగారు. ఎదుటి టీమ్‌లో మాత్రమే వేరే కులంవాళ్ళని చూసినవాళ్ళకి అలా పెరగలేదు, తగ్గింది కూడా.

చీపురుపల్లి_98
నాకూ స్నేహితుడు దొరికాడు, మా వికెట్ కీపర్. నాలుగో ఏడు ఆ అరుగు మీద వాడు తన స్టీలు గ్లాసు నా చేతిలో పెట్టి నా పేపర్ గ్లాసు తాగేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాతి మ్యాచ్ నుంచి అందరికీ పేపర్ గ్లాసులే వచ్చాయి. దాన్ని గెలుపు అనాలో ఏమనాలో నాకు తెలీదు.

అయోధ్యామైదానం
గట్టు అన్న సంగతికి వద్దాం. క్రికెట్‌లో ఎవరి దేశంలో ఆడితే ఆ దేశం అంపైర్లే ఉండేవారు, ఎవరూ ఎవర్నీ నమ్మేవారు కాదు. 1986లో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకి ఇద్దరు భారత అంపైర్లు నిలబడ్డారు, వి.కె. రామస్వామి, పిలూ రిపోర్టర్. తర్వాత 1994 నుంచి టెస్టుల్లో ఒకరు, 2002 నుంచి ఇద్దరూ బయటి దేశంవాళ్ళు ఉండాలని నియమం వచ్చింది. సిస్టర్ గారి పది వేళ్ళ లాంటిదే ఇదీ. మనిషి మంచివాడే అనుకుని వదిలెయ్యలేదు, నిలబడే చోటు మార్చారు.

నాగావళి_గట్టు
అందరికీ చెప్పాల్సింది ఉంది. నిన్న సాయంత్రం ఫోన్ పట్టుకుని ఏరు దాటి వెళ్ళాను. మా ఊళ్ళో వద్దన్నారు, పరువు పోతుందన్నారు. వాళ్ళ రామమందిరం దగ్గర పదిహేను మంది కూర్చున్నారు. వీడియో చూపించి, రెండు పాయింట్లూ తప్పిచ్చాను అన్నాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ కుర్రాడి వంక చూసి సారీ బాబూ అన్నాను.

తర్వాత వాళ్ళు వీడియోని మొదట్నించి వెయ్యమన్నారు. పద్నాలుగో నిమిషంలో వాళ్ళ డిఫెండర్ కాలు గీత బయట పడి ఉంది. నేను చూళ్ళేదు, లైన్ దగ్గర నిలబడ్డ వాళ్ళ ఊరాయనా చూళ్ళేదు. ఆయన అక్కడే ఉన్నాడు. ఫోన్ లాక్కుని నాలుగుసార్లు చూసి, "నాకు లోపలే కనబడిందయ్యా" అన్నాడు. ఆ మాట ఎలా అన్నాడో నాకు బాగా తెలుసు. ఇద్దరం అక్కడే కూర్చుని టీ తాగాం.

వచ్చే ఏడు నుంచి మూడో ఊరి అంపైర్లు, మైకు ఇద్దరికీ చెరో సగం అని అనుకున్నాం. కప్పు మాత్రం మా యూత్ కుర్రాళ్ళు ఇవ్వనంటున్నారు, దాని మీద ఇంకా మాట్లాడాలి.

గరివిడి_రవి
అన్నా, మొదట్లో నేనన్న మాటకి ఏమీ అనుకోకండి. అంపైర్ కావాలంటే నేనొస్తాను. ఇక్కడ లీగుల్లో చేస్తుంటాను, మీ రెండు ఊళ్ళతోనూ నాకు ఏ సంబంధమూ లేదు.

టెక్కలి_టీచరమ్మ
మీ అత్తారిది ఏ ఊరు రవీ? ముందు అది చెప్పు.

గరివిడి_రవి
ఆమదాలవలస దాటాక, ఏటి ఇవతల.

నాగావళి_గట్టు
వద్దు తమ్ముడూ. చూడ్డానికి రా.